ఆరని పడవ

పొద్దున్నే మ్యూజియం తలుపు తీయగానే పెరీనా చేసే మొదటి పని నేల తుడవడం. కిటికీలు తెరవడం, టిక్కెట్ల బల్ల దులపడం, గోడకి వేలాడే వలలు సర్దడం అన్నీ ఆ తర్వాతే. పాతగుడ్డ, బకెట్టు తలుపు వెనకే ఉంటాయి. కోటైనా విప్పకుండా మోకాళ్ళ మీద వంగి, రూజా పడవ దగ్గర మొదలుపెట్టి ఇనప్పొయ్యి దగ్గర ముగిస్తుంది. ఆ మధ్య నేల మీద మొత్తం పదకొండు తడి అడుగుల గుర్తులు. చెప్పుల్లేని మగవాడి పాదాలు. ఆ తడిని వేలితో తాకి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పన.

ఏడాదిలో మిగతా నెలలన్నీ ఆ అడుగులు కనబడవు. నవంబర్ ఆఖర్లో, నావికుల్ని కాపాడే సెయింట్ నికొలస్ పండగ ఇంకో వారం ఉందనగా మొదలై రోజూ ఉంటాయి. పడవ నుంచి పొయ్యికి వెళ్ళేవే గాని, తిరిగి పడవకి వెళ్ళే అడుగు ఒక్కటీ ఉండదు. మొదటి ఏడాది వాటిని చూసి పెరీనా పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. రెండో ఏడాది నుంచి గుడ్డ తెచ్చుకుంది. మనిషికి అలవాటు కానిదంటూ ఏముంది గనక!

మా దీవిలో, ఈ ట్రావ్నా ఊళ్ళో దాన్ని మ్యూజియం అంటాం గాని, అది ఒకప్పుడు చేపలకి ఉప్పు పట్టించే కొట్టు. దూలాలకి ఇప్పటికీ ఆ వాసన పోలేదు. లోపల నాలుగు చెక్కపడవలు దిమ్మెల మీద కూర్చుని ఉంటాయి. మూడు పడవలు ఎండిపోయి, పలకల మధ్య వేలు పట్టేంత సందులిచ్చాయి. నాలుగోది రూజా. నీటి మొహం చూసి నలభై ఆరేళ్ళయినా దాని పలకలు తడి తడిగానే ఉంటాయి. చూడవచ్చినవాళ్ళు అడిగితే, "దక్షిణపు గాలమ్మా, ఆ గాలికి గోడలకే చెమట పడుతుంది" అంటుంది పెరీనా. మరి మిగతా మూడింటికీ పట్టదేమని ఇన్నేళ్ళలో ఒక్క జర్మన్ ముసలాయన మాత్రం అడిగాడు. తనకి జర్మన్ రాదని ఆయనకి శుభ్రమైన జర్మన్‌లో చెప్పి పంపించింది.

రూజా ఆమె మొగుడు యెర్కోది. యెర్కో పాతికేళ్ళకే సముద్రంలో పోయాడు. పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. ఆ పడవని కాల్చేయాలని ఊరు ఒకప్పుడు నిర్ణయిస్తే, పెరీనా అడ్డం పడి, వాళ్ళ కాళ్ళూ వీళ్ళ గడ్డాలూ పట్టుకుని, ఈ పాతకొట్టు సంపాదించి, దాన్ని ఇక్కడ పెట్టించింది. మ్యూజియం అలా పుట్టింది. మొగుడి మీద అంత ప్రేమ ఉన్న ఆడది ఈ తీరంలోనే లేదని ఊళ్ళో పేరు. పెళ్ళిళ్ళలో కొత్త కోడళ్ళకి ఆమెని చూపించి మరీ చెబుతారు. అలా చెప్పినప్పుడల్లా ఆమె కిటికీ వైపు తిరిగిపోతుంది. సిగ్గు పడుతోందనుకుంటారు పాపం.

పండగకి ఇంక మూడు రోజులున్నాయనగా, నేల తుడవడం అయ్యీ అవగానే ఇద్దరు వచ్చారు. ఒకడు షీమె, యెర్కో తమ్ముడి కొడుకు. ముప్పై దాటినా పెళ్ళి లేదు, అమ్మానాన్నా పోయారు. పొద్దస్తమానం రేవు పక్కన పాకలో పడవ కట్టుకుంటూ ఉంటాడు. రెండోవాడు పట్నం నుంచి వచ్చి రెండేళ్ళయిన ఫాదర్ కుజ్మా.

"పెద్దమ్మా, కాఫీ ఏమన్నా పోస్తావా, టిక్కెట్టు కొంటేనే పోస్తావా?" అన్నాడు షీమె గుమ్మంలోంచే.

"నీ మొహానికి టిక్కెట్టొకటి. కాళ్ళు తుడుచుకుని తగలడు. ఇప్పుడే తుడిచాను."

"నువ్వెప్పుడు చూసినా ఇప్పుడే తుడిచానంటావు. మా పెదనాన్న నీతో ఎలా వేగాడో!"

"వాడూ తుడుచుకునేవాడు కాదు. రండి ఫాదర్, మీరు కూర్చోండి."

ఫాదర్ కుజ్మా కూర్చోలేదు. టోపీ చేత్తో నలుపుతూ రూజా వైపు చూశాడు. "అమ్మా, ఈ ఏడు కాల్చడానికి పడవ లేదు" అన్నాడు.

మా దీవిలో పుట్టనివాళ్ళకి ఈ మాట వింతగా ఉంటుంది. ఏటా డిసెంబర్ ఆరున పొద్దున్నే, కొండ మీద సెయింట్ నికొలస్ చర్చి ముందు ఒక ముసలి పడవని కాలుస్తాం. కమ్యూనిస్టు పార్టీవాళ్ళు కళ్ళెర్ర చేసిన రోజుల్లో కూడా మానలేదు. మంట చల్లారాక, ఆ ఏడు కొత్త పడవ కడుతున్నవాళ్ళ ఇంటి ఆడమనిషి, పెళ్ళామో తల్లో, డబ్బాలో బూడిద తీసుకుని రేవుకి దిగుతుంది. కొత్త పడవ అడుగుదూలంలో గాడి తీసి ఉంచుతారు. అందులో ఆమె బూడిద పోస్తే వడ్రంగి పైన చెక్కమేకు దిగ్గొడతాడు. ఆ పాత పడవ బూడిదే తల్లిబూడిద, అది లేని పడవకి ఇంటిదారి తెలీదని మా పెద్దలు చెబుతారు. పెద్దలు చెప్పినవన్నీ వింటామని కాదు గాని, ఇది మాత్రం ఎవరూ దాటరు.

"నిరుడు ఏదో కాల్చారుగా?" అంది పెరీనా.

"నిరుడు కాల్చింది రెండు పలకలూ ఒక తెడ్డూ అమ్మా. పొగపెట్టి అయిందనిపించాం."

"రేవులో ఉన్నవన్నీ ప్లాస్టిక్కే పెద్దమ్మా. వాటిని కాల్చామంటే నికొలస్ తాత ముక్కు మూసుకుని స్వర్గంలో పక్కవీధికి మారిపోతాడు" అన్నాడు షీమె.

పెరీనా నవ్వలేదు. వాళ్ళు ఎటు వస్తున్నారో ఆమెకి అర్థమయింది. మిగతా మూడు పడవలకీ పట్నం ఆఫీసువాళ్ళు నంబరు బిళ్ళలు కొట్టి కాగితాల్లోకి ఎక్కించుకున్నారు. వాటి మీద గీత పడినా సంజాయిషీ రాసుకోవాలి. కాగితాల్లేనిది రూజా ఒక్కటే. యెర్కో పోయాక అది అతని తల్లి, పెరీనా అత్త, లూత్సే సొత్తు.

"రూజాని కదపనివ్వను" అంది, వాళ్ళు అడక్కముందే.

షీమె మొహంలో నవ్వు పోయింది. "పద్నాలుగేళ్ళ తర్వాత ఊళ్ళో చెక్కపడవ తయారవుతోంది. గాడి తీసి ఉంచాను. పలకలు బిగించకుండా పండగ కోసమే ఆగాను. బూడిద లేకుండా నన్ను సముద్రం మీదికి పొమ్మంటావా?"

"పో. మోటారుంది, రేడియో ఉంది, జేబులో ఫోనుంది. నీకు బూడిదెందుకురా?"

"ఈ మాట అంటున్నది నువ్వేనా!"

"ఏ బూడిదైనా పోసుకో. నిరుడు కాల్చిన తెడ్డు బూడిద పోసుకో. దీనిది మాత్రం వద్దు. నామాట విను."

షీమె ఆమె వంక ఒక నిమిషం చూశాడు. అచ్చం యెర్కో చూపు, కనుబొమ్మలు కిందికి దించి చూసే ఆ చూపు. "నేను నీకు కొడుకులాంటివాణ్ణనుకున్నాను. చెక్కముక్క పాటి కూడా కాదన్నమాట. సరేలే, పడవ నీది కాదుగా. నాయనమ్మ ఒప్పుకుంది. నిన్ననే అడిగాను" అన్నాడు.

కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. పెరీనా పొయ్యి ముందు కుర్చీలో కూలబడింది.

ఆ పడవ మీద ఆమెకున్నది ప్రేమ ఒక్కటే అయితే ఇంత బాధ లేకపోను. భయం. నలభై ఎనిమిదేళ్ళ నాటి భయం.

అప్పుడు ఆమెకి పందొమ్మిదేళ్ళు. పెళ్ళయి మూడు నెలలు. యెర్కో కొత్త పడవ కట్టుకున్నాడు. పండగ రోజున చర్చి ముందు బూడిద ఎత్తే గౌరవం తనకే దక్కాలని లూత్సే ఊరంతా చెప్పుకుంది. తీరా పండగ పూట నడుం పట్టేసి మంచం దిగలేక, కోడలి చేతికి బిస్కెట్ల డబ్బా ఇచ్చి, "జాగ్రత్తే పిల్లా, ఒలకబోశావంటే నీ చర్మం వలిచి ఎండబెడతాను" అంది. లూత్సే మాటకి రేవులో మగాళ్ళే దారి తప్పుకునేవారు. పెరీనా డబ్బాని చంటిపిల్లలా పొదువుకుని కొండ దిగింది. రేవుగట్టు మీద, సరిగ్గా చేపలు దింపే చోట, నాచు మీద కాలు జారింది. డబ్బా ఎగిరి పడింది, మూత ఊడింది. నీళ్ళ మీద బూడిద కాసేపు తేలి, చెదిరి, పోయింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. జనమంతా ఇంకా కొండ మీదే ఉన్నారు.

మళ్ళీ కొండెక్కి ఇంకాస్త బూడిద అడిగితే ఎవరూ కాదనరు. నవ్వుతారు, అంతే. ఆ సంగతి ఇప్పుడు అరవై ఏడేళ్ళ పెరీనాకి తెలుసు. పందొమ్మిదేళ్ళ పెరీనాకి అత్త నోరు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. డబ్బా తీసుకుని ఇంటి వెనకనుంచి వెళ్ళి, అత్త గదిలో పడుకుని ఉండగా, వంటింటి పొయ్యిలో బూడిదంతా గీకి డబ్బా నింపింది. రేవుకి పోయి గాడిలో పోసింది. వడ్రంగి మేకు దిగ్గొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. యెర్కో ఆమె బూడిద చేతులు పట్టుకుని పెదవులకి ఆనించుకున్నాడు.

ఏడాదిన్నర తర్వాత వసంతంలో మూడు పడవలు దూరపు రాళ్ళ దగ్గరికి వేటకెళ్ళాయి. ఉత్తరపు గాలి లేచింది. రెండు పడవలు, తొమ్మిదిమంది మనుషులు మళ్ళీ కనబడలేదు. నాలుగో నాడు పొద్దున్న లూత్సే నీళ్ళ వైపున్న వంటింటి కిటికీ తెరిస్తే, కింద గోడకి ముక్కు ఆనించి రూజా నిలబడి ఉంది. తెరచాప చుట్టి ఉంది. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. మా రేవు నోరు ఎంత ఇరుకంటే, తాగి వచ్చినవాడు రాళ్ళకి గీసుకోకుండా లోపలికి రాలేడు. మనిషి లేని పడవ ఆ నోట్లోంచి వచ్చి, ముప్పై పడవల్ని తప్పించుకుని, సరిగ్గా ఆ ఇంటి వంటింటి కిందికి చేరింది. ఊరంతా అద్భుతమంది. పెరీనాకి మాత్రం ఒళ్ళు జలదరించింది. పడవ తన పొయ్యిని వెతుక్కుంటూ వచ్చిందని ఆమె ఒక్కదానికే తెలుసు. దానికి తెలిసిన ఇల్లు అదే. మనిషిని వెంటబెట్టుకుని రావాలని దానికెవరూ నేర్పలేదు.

ఆ తర్వాత రూజాని ఎవరూ ముట్టుకోలేదు. పదిహేనేళ్ళు ఒడ్డున పడి ఉన్నాక కాల్చేద్దామన్నారు. ఆ ఏడు ఊళ్ళో నాలుగు కొత్త పడవలు తయారవుతున్నాయి. ఆ దొంగబూడిద నాలుగు పడవల్లోకి వెళ్తే? నాలుగిళ్ళ మగాళ్ళు? అందుకే కాళ్ళావేళ్ళా పడి ఆపింది. ఊరు దాన్ని ప్రేమ అనుకుంది. ఇప్పుడు ఆ బూడిద షీమె అడుగుదూలం కింద చేరబోతోంది.

మధ్యాహ్నం మ్యూజియం మూసి ఇంటికొచ్చింది. లూత్సే వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని ఉప్పుచేపల ముళ్ళు తీస్తోంది. తొంభై నాలుగేళ్ళు. కళ్ళు మసకలే గాని వేళ్ళకి చూపుంది.

"అత్తా, పడవ ఇచ్చేస్తానన్నావట."

"పడవ నాది, నోరు నాది. ఇచ్చాను."

"కాలిస్తే కాల్చనీ. ఆ బూడిద మాత్రం షీమె పడవలో పొయ్యకూడదు."

"ఎందుకో?"

పెరీనా చెప్పింది. నిలబడే చెప్పింది. నాచు, డబ్బా, పొయ్యి, మేకు, అన్నీ. చెబుతుంటే గొంతు పందొమ్మిదేళ్ళ పిల్ల గొంతులా సన్నబడిపోయింది. లూత్సే ఒక చేప ముళ్ళు పూర్తిగా తీసి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది.

"అయిందా? ఇంతేనా?" అంది.

"అత్తా!"

"ఆ సాయంత్రం లేచి చూద్దును కదా, నా పొయ్యి నాకి పెట్టినట్టుంది. గిన్నె కడగమంటే మూతి మూడు వంకర్లు తిప్పే కొత్తకోడలు అడక్కుండా పొయ్యి శుభ్రం చేస్తుందటే? ఆ మాత్రం గాడిదకైనా అర్థమవుతుంది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మేకు దిగిపోయింది. ఇంకేం చేస్తాను? నా వంటింటి బూడిదేగా, పరాయిది కాదుగా అనుకున్నాను. లోపల్లోపల కాస్త గర్వం కూడా పడ్డానులే. వాడు పోయాక నిన్ను ఏదో ఒకటి అందామనే అనుకున్నాను. నీ మొహం చూశాక నోరు రాలేదు. నువ్వే చెబుతావులే అని చూశాను. చూస్తూ చూస్తూ ముసలిదాన్నయిపోయాను."

"నేనే చంపానత్తా వాణ్ణి."

"ఛీ, నోర్ముయ్. ఆ రోజు వెళ్ళినవి మూడు పడవలు. ఆ రెండింట్లో చర్చి ముందు కాల్చిన సిసలైన బూడిదుంది. ఏవీ అవి? ఒక్క పలకముక్కైనా ఒడ్డుకొచ్చిందా? సముద్రానికి మంచి బూడిదా దొంగబూడిదా తెలుసటే? దానికి ఆకలేసింది, తింది. నీ పొయ్యిబూడిద కనీసం పడవనన్నా ఇంటికి చేర్చింది."

పెరీనా నేల మీద కూర్చుని అత్త మోకాలికి తల ఆనించి ఏడ్చింది. లూత్సే చేపల చేత్తోనే ఆమె తల నిమిరింది. ఇద్దరూ నలభై ఎనిమిదేళ్ళు ఒకే పొయ్యి దగ్గర, ఒకే మాటని చెరో పక్కనుంచి దాచుకుని బతికారు. చెప్పుకుని ఉంటే ఎన్ని రాత్రులు హాయిగా నిద్రపోయేవారో!

గుండె తేలికైతే నోరు జారుతుంది. పెరీనా ముక్కు తుడుచుకుంటూ, ఇంక దాచడానికేముందన్నట్టు, మిగతాది కూడా చెప్పేసింది. "వాడు వస్తూనే ఉన్నాడత్తా. పండగ ముందు వారమంతా, రోజూ వస్తాడు. పడవ దిగి పొయ్యి దాకా నడుస్తాడు. తడి అడుగులు."

లూత్సే చెయ్యి ఆమె తల మీదే ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"తడి అడుగులు. పదకొండు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మ్యూజియం తెరిచినప్పటి నుంచి."

"ముప్పై ఒక్కేళ్ళు," అంది లూత్సే మెల్లిగా. "మరి నువ్వేం చేస్తున్నావే?"

"తుడుస్తున్నాను."

"తుడుస్తున్నావా?" ముసలామె చెయ్యి తీసేసింది. "నేనిక్కడ కిటికీ పక్కన కూర్చుని నా బిడ్డకి సమాధి కూడా లేదే అని ఏడుస్తుంటే, నువ్వక్కడ రోజూ పొద్దున్నే నా కొడుకు అడుగులు గుడ్డతో తుడుస్తున్నావా?"

బూడిద సంగతి ఒక్క ఊపిరిలో క్షమించేసిన మనిషి దీన్ని క్షమించలేకపోయింది. ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు. చీకటి పడ్డాక లూత్సే గోడవైపు తిరిగి పడుకుంటూ ఒక్కమాట అంది. "రేపు తుడవకు. నేనొస్తాను."

తొమ్మిదేళ్ళుగా గడప దాటని లూత్సేని మర్నాడు షీమె తోపుడుబండిలో దుప్పట్ల మీద కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. "నాయనమ్మా, ఇంత బరువేంటే? బంగారం ఏమన్నా దాచావా ఒంట్లో?" అంటూ మెట్టు మెట్టుకీ ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాడు. పెరీనా తలుపు తీసింది. షీమె లోపలికి చూసి నోరు మూసుకున్నాడు.

అడుగులు అప్పుడే వేసినట్టు మెరుస్తున్నాయి. రూజా పక్కన మొదటి అడుగు దగ్గర నీళ్ళు చిన్న మడుగు కట్టి ఉన్నాయి. పొయ్యి ముందు రెండు పాదాలూ పక్కపక్కనే ఉన్నాయి, చలి కాచుకుంటూ నిలబడ్డవాడివి. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

లూత్సే తనని కిందికి దించమంది. ఇద్దరూ పట్టుకుని దించితే, నేల మీద పాకినట్టుగా వంగి ఒక పాదం ముద్ర మీద అరచెయ్యి పెట్టింది. వేళ్ళతో దాని అంచంతా తడిమింది.

"ఎడమ కాలు. చిటికెన వేలు నేలకి ఆనలేదు, చూడు. నాలుగేళ్ళప్పుడు లంగరు మీద పడి వంకరపోయింది. కట్టు నేనే కట్టాను," అంది.

పెరీనా వంగి చూసింది. నిజమే, నాలుగు వేళ్ళే ఉన్నాయి. ముప్పై ఒక్కేళ్ళు తుడిచింది గాని ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు.

"చలేసి వస్తున్నాడే," అంది లూత్సే. "ఈ బొగ్గుల డబ్బా ఏ మూలకి? నీళ్ళలో పోయినవాడి చలి దీనితో తీరుతుందా? అప్పుడే పడవని కాల్చనిచ్చి ఉంటే ఎప్పుడో వాడి తడి ఆరేది."

"నేనే ఆపాను," అంది పెరీనా. లూత్సే కాదనలేదు.

షీమెకి అంతా చెప్పక తప్పలేదు. పెరీనాయే చెప్పింది. విన్నాక అతను రూజా చుట్టూ ఒకసారి తిరిగాడు. తడి పలకల మీద చెయ్యి వేసి తీసి, ఆ చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు. భయపడ్డాడు. భయపడనివాణ్ణి మా దీవిలో ఎవరూ సముద్రం మీదికి పంపరు.

"నీకు వద్దంటే వద్దురా. అది సరైన బూడిద కాదని నీకు తెలియాలి. తెలిసే చెయ్యి, ఏం చేసినా," అంది పెరీనా.

"ఇంటికైతే వచ్చిందిగా?"

"ఖాళీగా వచ్చింది. నేను చెప్పేది అదేరా."

షీమె వెళ్ళి రూజా అంచుని ఈసారి రెండు చేతులా పట్టుకున్నాడు. "అయితే నేను గట్టిగా పట్టుకుని కూర్చుంటాను, వదలకుండా. బూడిద నువ్వే తేవాలి పెద్దమ్మా. నాకింక ఆడదిక్కు ఎవరున్నారు?"

ఆరో తేదీ పొద్దున్న పద్దెనిమిదిమంది రూజాని భుజాల మీద కొండెక్కించారు. దారంతా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మోసినవాళ్ళ చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. చెమటేలే అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చర్చి ముందు ద్రాక్షకొమ్మల కట్టలు పేర్చి నిప్పు పెడితే పడవ అంటుకోలేదు. బుసబుసమని పొగ. ఫాదర్ కుజ్మా ప్రార్థన రెండుసార్లు చదివాడు. మూడోసారి మొదలుపెట్టేసరికి పలకల సందుల్లోంచి నీళ్ళు బుడబుడమని పొంగి, చర్చి మెట్ల మీదుగా కిందికి పారాయి. ఒక ముసలాడు వంగి వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

నీళ్ళు ఆగాక రూజా ఒక్కసారిగా భగ్గుమంది. తోపుడుబండిలో కూర్చున్న లూత్సే వేడికి మొహం తిప్పుకోలేదు. "కాచుకో నాయనా, బాగా కాచుకో" అంటోంది, పక్కన ఉన్న పెరీనాకి మాత్రమే వినబడేటట్టు. అడుగుదూలం కాలుతున్నప్పుడు నలభై ఎనిమిదేళ్ళ నాటి మేకు ఠప్పని ఎగిరి పెరీనా కాళ్ళ దగ్గర పడింది. ఆమె దాన్ని తీసి జేబులో వేసుకుంది.

మంట చల్లారుతుండగానే షీమె లూత్సేని ఇంట్లో దింపి రేవుకి వెళ్ళిపోయాడు. పెరీనా బిస్కెట్ల డబ్బా నింపింది. అదే డబ్బా, మూత మీద బొమ్మ మాత్రం చెరిగిపోయింది. కొండ దిగింది. రేవుగట్టు మీద చేపలు దింపే చోటికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. నాచు అలాగే ఉంది. చెప్పులు విప్పేసి, డబ్బాని రెండు చేతులా కడుపుకి అదుముకుని, ఉత్త పాదాలతో ఒక్కో అడుగే వేస్తూ దాటింది. పాకలో షీమె గాడి తుడిచి సిద్ధంగా ఉన్నాడు. ఆమె బూడిద పోసింది. చివరి చిటికెడు కూడా దులిపి పోసింది. షీమె మేకు పెట్టి మూడు దెబ్బల్లో దిగ్గొట్టాడు. ఈసారి చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. షీమె ఆమె చేతులు పట్టుకున్నాడు. బూడిద చేతులు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వంటింటి తలుపు బార్లా తీసి ఉంది. లూత్సే పొయ్యి పక్కన తన కుర్చీలో ఉంది. పొయ్యి మీద పులుసు కుతకుతమంటోంది.

"తలుపేస్తే ఏం పోయిందత్తా? చలి," అంటూ లోపలికి అడుగు పెట్టబోయి పెరీనా ఆగింది.

గడప దగ్గర మొదలై పొయ్యి దాకా నేల మీద పాదాల ముద్రలున్నాయి. తడి లేదు. పొడి బూడిద. ఎడమ పాదానికి నాలుగే వేళ్ళు. పొయ్యి ముందు రెండు పాదాలూ పక్కపక్కన ఉన్నాయి. అక్కణ్ణుంచి ఎటూ వెళ్ళినట్టు లేదు.

"కాళ్ళు తుడుచుకోకుండా వచ్చాడు," అంది లూత్సే, పులుసు కలుపుతూ. "చిన్నప్పట్నుంచీ అంతే. ఎన్నిసార్లు చెప్పినా వినడు."

చీపురు తలుపు మూలనే ఉంది. పెరీనా దాని వంక చూసింది. దాన్ని అక్కడే ఉంచి, తలుపు వేసి, ముద్రలు తొక్కకుండా గోడవారగా నడిచి వెళ్ళి బల్ల మీద మూడు గిన్నెలు పెట్టింది.